అడుగుకు ముప్పావు అంగుళం
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ములుగులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ సర్కారు దయదలచి వేసే భిక్ష కాదని, ఉద్యోగి చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. అందుకే మనం ఏటా ఈ రోజును జరుపుకుంటున్నాం. చేసిన పనికి దక్కవలసినది చేసినవాడికి దక్కాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. చివర మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

కార్యదర్శి గారు నన్ను సర్వీసు జ్ఞాపకాల మీద మాట్లాడమన్నారు. డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటే బాగా మాట్లాడేవారు ఈ సభలో పది మంది ఉన్నారు. నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. ఈ బల్ల మీద ఒక చెక్క జీపు ఉంది చూశారు కదా. ఎనిమిది అంగుళాల పైచిలుకు పొడవు. రంగు వెలిసిపోయింది. ముందు దీపాల్లో ఒకటి లేదు. పిల్లలు లోపలికి వస్తూనే దాని చుట్టూ మూగారు. ఒక పాప "తాతా, ఇది ఏ కంపెనీది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబే నా ప్రసంగం.

నేను పుట్టింది 1950లో. మా చిన్ననాటి ములుగు మీలో చాలామందికి తెలిసినదే. అప్పుడిది వరంగల్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. 2016లో భూపాలపల్లి జిల్లాలోకి పోయి, 2019 ఫిబ్రవరి 17న తానే ఒక జిల్లా అయింది. ఇప్పుడు హన్మకొండ నుంచి ఏటూరునాగారం పోయే దారిలో కార్లను లెక్కపెట్టాలంటే మనిషి సరిపోడు. ఆ రోజుల్లో మేము లెక్కపెట్టేవాళ్ళం. అడవి నుంచి వెదురు నింపుకొని, ఎండాకాలంలో తునికాకు బస్తాలు నింపుకొని లారీలు పోయేవి. ముందు భాగాన నక్షత్రం గుర్తు ఉంటే అది బెంజి లారీ. 1954 నుంచి టాటా వారు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి చేసిన బండ్లవి. రోజుకు నాలుగైదు ఎర్ర బస్సులు వచ్చేవి. అంబాసిడర్ కారు ఊళ్ళోకి వచ్చిందంటే ఎవరో పెద్ద అధికారి వచ్చినట్టే లెక్క.

మా ఆట బండ్లు మాత్రం పొలంలోనే పుట్టేవి. రెండు తాటికాయలకు పుల్ల గుచ్చి, పంగల కర్రతో నెట్టుకుంటూ పోతే అదొక బండి. జొన్న చొప్ప బెండ్లతో కచ్చరం చేసి, దానికి ఎడ్లను కూడా బెండ్లతోనే చేసి కట్టేవాళ్ళం. పాత సైకిలు రిమ్ము దొరికినవాడు ఆ వారమంతా మాకు నాయకుడు. కొన్న బొమ్మ ఏదీ మా వాడకట్టులో ఎవరి ఇంట్లోనూ నేను చూడలేదు. బీదతనం గురించి చెప్పుకోవడానికి ఇది చెప్పడం లేదు. కావలసినది చేసుకోవడం తప్ప వేరే దారి లేదని, అందుకని చేయడం వచ్చిందని చెబుతున్నాను.

మా ఇంటికి నాలుగు ఇండ్ల అవతల వడ్ల వారి ఇల్లు. వారి అబ్బాయి నా ఈడువాడు. ఒకే రోజు బడిలో వేశారు, ఒకే చాప మీద కూర్చున్నాం. ఇప్పుడాయన లేరు. పేరు ఇక్కడ చెప్పి, పత్రికలో వేయించాలని నా కోరిక. వారి కొడుకు మాత్రం "కాకా, మా బాపుకు అవన్నీ ఇష్టం ఉండవు, పేరు వద్దు" అన్నాడు. ఆ మాట మన్నించి మిత్రుడు అనే అంటాను. ఊరివాళ్ళకు ఎవరో తెలుస్తుంది.

1963లో మేమిద్దరం కలిసి మొదటిసారి ఒక బస్సు చేశాం. అగ్గిపెట్టెల అట్టలు, సబ్బుల అట్టపెట్టె, సోడా సీసా మూతలు, తుమ్మ బంక. చేసినంతసేపు అది బస్సే అనుకున్నాం. పూర్తయి నేల మీద పెట్టేసరికి బస్సులా లేదు. చక్రాలు పెద్దవై, కిటికీలు చిన్నవై, గొర్రెపిల్లకు ఎనుము కాళ్ళు పెట్టినట్టుంది. నవ్వనివాడు లేడు. మిత్రుడు మాత్రం నవ్వలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "ఏదో ఒకటి తప్పుందిరా, కాని ఏందో తెలుస్తలేదు" అన్నాడు.

ఆ తప్పేమిటో చెప్పింది మా నాయన. ఆయన పట్వారీ గారి దగ్గర రాతపని చేసేవారు. ఒక సాయంత్రం ఊరి నక్షా ఇంటికి తెచ్చి, నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు చెంబులు పెట్టి చూసుకుంటున్నారు. "ఇంత ఊరు ఇంత గుడ్డలో ఎట్లా పట్టింది?" అని నేను అడిగాను. ఆయన బయట భూమిని కొలిచే గొలుసు గురించి చెప్పారు. 33 అడుగుల గొలుసు. దాన్ని 16 అణాలుగా పంచుకున్నారు. పొడవు ఒక గొలుసు, వెడల్పు ఒక గొలుసు అయితే ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. బయట ఇన్ని గొలుసులైతే గుడ్డ మీద ఇన్ని అంగుళాలు అని ఒక లెక్క పెట్టుకుంటారు. ఆ లెక్క చెరువుకూ అదే, బాటకూ అదే, బావికీ అదే. "చెరువును ఒక లెక్కన, గుడిని ఇంకో లెక్కన తగ్గించి గీస్తే అది నక్షా కాదు బిడ్డా, అబద్ధం" అన్నారు.

ఆ మాట పట్టుకుని ఆ రాత్రే మిత్రుడి ఇంటికి పరుగెత్తాను. వాడు విని వెంటనే వాళ్ళ నాయన అడుగుబద్ద తీశాడు. "అయితే మనం కూడా ఒక లెక్క పెట్టుకుందాం. అడుగుకు ముప్పావు అంగుళం" అన్నాడు. ఎందుకు ముప్పావు అంటే, 12 అంగుళాలలో ముప్పావు అంగుళం సరిగ్గా 16వ వంతు. రూపాయికి 16 అణాలు, గొలుసుకు 16 అణాలు. మా లెక్కలన్నీ పదహారులోనే ఉండేవి. నాణెం పైసల్లోకి మారి అప్పటికి ఆరేళ్ళయినా ఇళ్ళల్లో నోటి లెక్క అణాలే. నమూనా కార్లు చేసేవారికి ప్రపంచమంతటా ఇట్లాంటి లెక్కలుంటాయని, 12వ వంతు, 24వ వంతు, 43వ వంతు అని పేర్లు పెట్టుకుంటారని నాకు చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. 16వ వంతు కూడా వాటిలో ఒకటట. మేము దాన్ని అణా లెక్క అన్నాం.

ఏ బండి చేయాలి అన్నది తేల్చుకోవడానికి ఎక్కువ ఆలోచన పట్టలేదు. దగ్గరికి పోయి ముట్టుకోగలిగిన బండి ఒక్కటే ఉంది, తహసీల్ కచేరికి వచ్చే జీపు. మహీంద్రా వారు తయారు చేసిన విల్లీస్ జీపు. ఎత్తయిన బానెట్టు, ముందు జాలీలో ఏడు నిలువు చీలికలు, అవసరమైతే ముందుకు వంచే అద్దం. దాని డ్రైవరు ఒక పెద్దమనిషి, ఉర్దూ మాట్లాడేవారు. చింతచెట్టు కింద బండి నిలిపి బీడీ కాల్చుకుంటుంటే మేము దారంతో కొలుస్తూ దొరికాం. "క్యా రే, గాడీ ఖరీద్‌నా హై క్యా?" అని గద్దించారు. సంగతి చెప్పాం. కాసేపు మా మొహాలు చూసి, టూల్ పెట్టెలో ఉన్న టేపు తీసి మా చేతికిచ్చారు. అంతేకాదు, తానే ఒక కొన పట్టుకున్నారు.

ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 80 అంగుళాలు. మా లెక్కన సరిగ్గా 5 అంగుళాలు. మొత్తం పొడవు 130కి కొంచెం తక్కువ, అంటే 8 అంగుళాల పైన కొద్దిగా. టైరు ఎత్తు 28, అంటే ఒకటీ ముప్పావు. ఈ కొలతలన్నీ నేను లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను. రాసింది నేను, భాగించింది నేను. నా వంతు పని అంతే. ఇది బాగా గుర్తుంచుకోండి.

చేసింది ఆయన. అడవి నుంచి తెచ్చిన పొణికి కర్ర దుంగ ఒకటి వాళ్ళ కొట్టంలో ఉండేది. నిర్మల్ బొమ్మలకూ, కొండపల్లి బొమ్మలకూ వాడేది ఈ కర్రనే. తేలిక, మెత్తన, ఉలికి ఎదురు తిరగదు. బాడీ అంతా దాన్నించే చెక్కాడు. పగుళ్ళు కూడటానికి చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి ముద్ద చేశాడు. కొండపల్లిలో దీన్నే మక్కు అంటారట. వాడు అక్కడికి పోలేదు, ఎవరూ చెప్పలేదు. వాళ్ళ నాయన తలుపు చెక్కల సందులు కూడే పద్ధతి చూసి నేర్చుకున్నాడు. బానెట్టుకు డాల్డా డబ్బా రేకు. చక్రాలకు టేకు బిళ్ళలు, వాటి మీద సైకిలు ట్యూబు పట్టీ. ఇరుసులకు సైకిలు పుల్లలు. దీపాలకు తెల్ల చొక్కా గుండీలు. ముందు అద్దానికి ఫోటో పటం కట్టగా మిగిలిన గాజు ముక్క.

ఇంతవరకు చాలనుకున్నాను నేను. వాడికి చాలలేదు. "స్టీరింగు తిప్పితే చక్రాలు తిరగాలి" అన్నాడు. తిరిగేటట్టు చేశాడు కూడా. కాని మలుపులో ఒక చక్రం నేల మీద ఈడ్చుకొచ్చేది. నాలుగు రోజులు కుస్తీ పట్టి, చివరికి మళ్ళీ చింతచెట్టు కిందికి పోయాం. డ్రైవరు గారు జీపు కింద దూరి చూపించారు. బండి మళ్ళేటప్పుడు లోపలి వైపు చక్రం ఎక్కువ తిరగాలి, బయటి వైపు చక్రం తక్కువ తిరగాలి. లోపలిది చిన్న గీత మీద పోతుంది, బయటిది పెద్ద గీత మీద పోతుంది. అందుకని రెండు చక్రాలను కలిపే కడ్డీకి ఇరువైపులా ఉండే చేతులు నేరుగా ఉండవు, కొంచెం లోపలికి వంగి ఉంటాయి. మిత్రుడు ఇంటికి వచ్చి ఆ రెండు చేతులనూ పట్టకారుతో ఇంతంత వంచాడు. జీపు ఎక్కడా ఈడ్చకుండా మళ్ళింది. ఇప్పుడు కూడా మళ్ళుతుంది. సభ అయ్యాక పిల్లలు తిప్పి చూడవచ్చు.

ఇదంతా పూర్తయ్యేసరికి 1965 చివరికి వచ్చాం. ఈ మధ్యలో ఒక సంగతి జరిగింది. వాళ్ళ నాయనకు జబ్బు చేసింది. మిత్రుడు ఎనిమిదో తరగతితో బడి మానేసి బాడిస పట్టుకున్నాడు. పగలు పని, రాత్రి చిమ్నీ వెలుగులో జీపు.

1966లో మా బడిలో వస్తు ప్రదర్శన పెట్టారు. ఇద్దరం కలిసే జీపును అక్కడికి తీసుకుపోయాం. రాసుకునే కాగితంలో "విద్యార్థి పేరు" అని ఒక్క గీత ఉంది. వాడు అప్పటికి విద్యార్థి కాడు. నా పేరు రాశారు. అది ఎవరి తప్పూ కాదు, కాగితం అట్లా ఉంది. ప్రదర్శన నాడు పెద్ద అధికారి ఒకరు వచ్చారు. జీపును చేతిలోకి తీసుకుని, స్టీరింగు తిప్పి, ఆశ్చర్యపోయి నా వైపు చూశారు. "నువ్వే చేసినవా?" అని అడిగారు.

మిత్రులారా, నా సర్వీసులో ఎందరో అధికారులు నన్ను ఎన్నో ప్రశ్నలు అడిగారు. మెమోలు ఇచ్చారు, సంజాయిషీలు అడిగారు. అన్నింటికీ జవాబులు రాశాను. జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న ఇదొక్కటే. చెప్పలేకపోయాను అనడం కూడా సరికాదు, చెప్పాను. "అవునండి" అన్నాను.

కంపాసు పెట్టె, ఒక సర్టిఫికెట్టు ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. పక్కకు తిరిగి చూస్తే బడి కంచె అవతల మిత్రుడు నిలబడి ఉన్నాడు. పని మధ్యలో వచ్చాడేమో, చేతుల మీద రంపపు పొట్టు అట్లాగే ఉంది. నేను బయటికి వచ్చాక ఏమంటాడో అని భయపడ్డాను. వాడు అడిగింది ఒక్కటే. "చక్రాలు ఊడలే గదరా?"

ఆ తర్వాత మా దారులు వేరయ్యాయి. నేను చదువుకుని, 1971లో ఎల్.డి.సి.గా రెవెన్యూ శాఖలో చేరాను. మొదటి పోస్టింగుకు పోతూ జీపును వాడికి ఇచ్చి పోయాను. కంపాసు పెట్టె అప్పటికే ఎక్కడో పోయింది. ఆయన వరంగల్ పోయి లారీ బాడీలు కట్టే షెడ్డులో చేరాడు. అప్పట్లో లారీ కంపెనీ నుంచి ఇంజను, చట్రం మాత్రమే వచ్చేవి. క్యాబిను, తొట్టి ఇక్కడ వడ్లవాళ్ళే చెక్కతో కట్టేవారు. ఎన్ని వందల లారీలు కట్టాడో ఆయనకే లెక్క తెలియదు. నేను ఎప్పుడైనా కలిసి ఎట్లుందని అడిగితే "ఇప్పుడు లెక్క సులువురా, అడుగుకు అడుగే" అని నవ్వేవాడు. ఆ లారీల మీద యజమాని పేరు ఉండేది, ఊరి పేరు ఉండేది, రంగులు వేసిన పెయింటరు పేరు కూడా వెనకాల ఒక మూలన ఉండేది. కట్టినవాడి పేరు రాసిన లారీని నేను చూడలేదు.

ఇక్కడ మన శాఖ సంగతి ఒకటి చెప్పాలి. రెవెన్యూలో పని చేసినవాళ్ళకు పహాణీ తెలుసు. మా కాలపు పహాణీలో పట్టాదారు పేరుకు ఒక ఖానా, భూమిని నిజంగా దున్నుకుంటున్నవాడి పేరుకు ఇంకొక ఖానా ఉండేవి. ఒకే మనిషి అయినా రెండు చోట్లా రాయాలి, వేరు మనుషులైతే వేరుగా రాయాలి. ఆ రెండో ఖానాను సరిగ్గా నింపనందువల్ల ఎన్ని కుటుంబాలు ఎన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాయో మీకు తెలుసు. ఆ ఖానా విషయంలో నేను గట్టివాడినని పేరుండేది. మోకా మీదికి పోయి అడగకుండా రాయనిచ్చేవాణ్ణి కాదు. ఇంత కచ్చితం ఎందుకయ్యా అని తోటివాళ్ళు విసుక్కునేవారు. ఎందుకో వాళ్ళకు చెప్పలేదు. నా మనసులో ఒక జీపు ఉంది. దాని పట్టాదారు నేను. దానిని దున్నినవాడి ఖానా ఖాళీ.

2008లో పదవీ విరమణ చేశాక మనుమలతో గడుపుతుంటే ఈ నమూనా కార్ల ప్రపంచం ఎంత పెద్దదో తెలిసింది. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీ 1949లో ఒక ట్రాక్టరు నమూనాతో మొదలుపెట్టి, ముక్కలుగా ఇచ్చి పిల్లలే అతికించుకునే ప్లాస్టిక్ బండ్లను తెచ్చింది. 1953లో అగ్గిపెట్టెలో పట్టే కార్లు వచ్చాయి, వాటి పేరే మ్యాచ్‌బాక్స్. అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ విభాగం 1930 నుంచి 1968 దాకా మగపిల్లలకు ఒక పోటీ నడిపింది. మొదట్లో ఒక రాజుల కాలపు గుర్రపు బగ్గీ నమూనా చేయమన్నారు. తర్వాత సొంతంగా ఊహించిన కారును 12వ వంతులో, ఎక్కువగా చెక్కతోనో ప్లాస్టరుతోనో చేయమన్నారు. బాగా చేసినవాళ్ళకు కాలేజీ చదువుకు డబ్బు ఇచ్చారు. 1947లో ఆ పోటీలో గెలిచిన చక్ జోర్డాన్ అనే అబ్బాయి తర్వాత అదే కంపెనీలో కార్ల రూపకల్పన విభాగానికే పెద్ద అయ్యాడు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా జీపు 1966 నాటిది. ఆ పోటీ అప్పటికి ఇంకా నడుస్తూనే ఉంది. అక్కడ పుట్టి ఉంటే అన్న ఆలోచన కాదు నన్ను పట్టుకున్నది. ఆ ప్రదర్శన నాడు నేను "నేను కాదండి, కంచె అవతల ఉన్నాడు చూడండి, ఆయన" అని ఉంటే, ఆ అధికారి వాణ్ణి లోపలికి పిలిచి ఉండేవారేమో. ఏ ఐ.టి.ఐ.కో పంపించి ఉండేవారేమో. పంపించకపోయేవారేమో కూడా. కాని ఆ అవకాశాన్ని ఒక్క మాటతో మూసింది నేను.

హైదరాబాదు బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం ఉంది. 2010లో పెట్టారు. సుధాకర్ గారనే ఆయన పాత ఇనుముతో, చేతి పనితో చేసిన కార్లున్నాయి అక్కడ. క్రికెట్ బ్యాటు ఆకారంలో ఒకటి, బూటు ఆకారంలో ఒకటి, అన్నీ నడిచేవే. 2005లో ఆయన కట్టిన 41 అడుగుల పైచిలుకు ఎత్తున్న మూడు చక్రాల సైకిలుకు గిన్నిస్ రికార్డు వచ్చింది. మనుమడితో పోయి చూశాను. అన్నిటికంటే ముందు నేను చూసింది చేసినవారి పేరు ఎక్కడుందా అని. ఉంది. సంతోషం వేసింది.

పేరు సంగతి వచ్చింది కనుక మన ఊరి పక్కన ఉన్న రామప్ప గుడినే తీసుకోండి. 1213లో కట్టించినవాడు రేచర్ల రుద్రుడు, శాసనం ఉంది. లోపల ఉన్న దేవుడు రామలింగేశ్వరుడు. కాని జనం దాన్ని పిలిచే పేరు శిల్పిది అని పెద్దలు చెబుతారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు కూడా ఆ పేరు నిలిచింది. శాసనంలో రాయకున్నా జనం నోట చెక్కినవాడి పేరు నిలిచిన నేల ఇది. ఈ నేల మీద పుట్టి నేను ఒక్క మాట చెప్పలేకపోయాను.

రిటైరయిన ఏడాది ఒకసారి ఆయన ఇంటికి పోయాను, చెబుదామనే. ఆయన ఊరికి తిరిగి వచ్చేశాడు అప్పటికి. అరుగు మీద కూర్చున్నాం. వదిన చాయ్ తెచ్చి ఇచ్చింది. లోపల గూట్లో ఈ జీపు కనపడింది. "ఇంకా ఉందా ఇది?" అన్నాను. "మూడుసార్లు చక్రాలు మార్చిన" అన్నాడు. నేను మాట ఎత్తబోయాను. ఆయన లారీల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి, కొడుకు గురించి చెప్పుకుంటూ పోయాడు. ఇంకోసారి చెప్పవచ్చులే అనుకుని లేచాను. గుమాస్తా బుద్ధి కదా, మిసల్‌ను రేపటికి వాయిదా వేశాను. కరోనా తర్వాత ఒక ఏడాది ఆయన పోయాడు. నేను ఆ రోజు ఊళ్ళో కూడా లేను.

పోయిన నెల ఆయన కొడుకు ఈ జీపును మా ఇంటికి తెచ్చాడు. "కాకా, ఇది మీదేనట కదా, బాపు చెప్పేటోడు" అన్నాడు. మీదేనట. ఇన్నేళ్ళూ ఇంట్లో అట్లాగే చెప్పాడన్నమాట. కొడుకు పోయాక జీపును తిరగేసి చూశాను. కింద ఎక్కడైనా ఆయన పేరు చెక్కుకున్నాడేమో అని. లేదు. పెన్సిలుతో కొలతలు మాత్రం ఉన్నాయి. 80, దాని పక్కన 5. 28, దాని పక్కన ఒకటీ ముప్పావు. నేను భాగించి ఇచ్చిన అంకెలవి. నేను చేసిన ఆ కొద్దిపాటి పనిని ఆయన చెరపకుండా ఉంచాడు.

పహాణీలో తప్పు పడితే ఏం చేసేవాళ్ళం? సవరణకు దరఖాస్తు పెట్టుకునేవాళ్ళు. విచారణ జరిపి, సాక్షుల ముందు పంచనామా రాసి, దిద్దేవాళ్ళం. దాదాపు 60 ఏళ్ళు ఆలస్యంగా, ఇది నా దరఖాస్తు. మీరంతా సాక్షులు. ఈ జీపును కొలిచింది నేను. చేసింది నా మిత్రుడు. ఆ రోజు "అవునండి" అన్నది అబద్ధం. ఆ కొడుకు, కోడలు, మనుమలు ఈ సభలో వెనక వరుసలో ఉన్నారు. వాళ్ళ ముందు చెప్పాలనే నేను ఈ మైకు అడిగి తీసుకున్నాను. జీపు ఈ సాయంత్రం వాళ్ళ ఇంటికే తిరిగి పోతుంది. అది వాళ్ళది.

చివరగా తోటి పెన్షనర్లకు రెండు మాటలు. పొద్దంతా టీవీ ముందు కూర్చునే బదులు మనుమలతో కలిసి ఒక బండి చేయండి. కష్టమేమీ లేదు. అంబాసిడర్ కారు మనందరికీ ఇష్టమే కదా. 2014లో దాని తయారీ ఆగిపోయింది కనుక ఇక మనం చేసుకోవలసిందే. దాని పొడవు 4325 మిల్లీమీటర్లు, వెడల్పు 1662, ఎత్తు 1593. అన్నిటినీ 16తో భాగించండి. 27 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల పైన కొంచెం వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. పొణికి దొరకకపోతే అట్ట చాలు, థర్మోకోల్ చాలు. చేతులు వణికితే భాగహారం మీరు చేయండి, కత్తెర పిల్లల చేతికివ్వండి. అన్నిటికీ ఒకే లెక్క పెట్టాలన్న సంగతి వాళ్ళకు అక్కడే తెలుస్తుంది. పూర్తయ్యాక బండిని తిరగేసి, కింద ఎవరు కొలిచారో, ఎవరు కోశారో, ఎవరు అతికించారో అన్ని పేర్లూ రాయించండి. ఆ గీత ఒక్కటే ఉంటే రెండోది మీరే గీయండి.

ఇందాక ఆ పాప అడిగింది, ఇది ఏ కంపెనీది అని. అమ్మా, ఇది వడ్ల వారి ఇంటిది.